దొర మేత ముట్టలేదు

కుందేలున్న బుట్టను కొడుకు తిన్నగా తెచ్చి కత్తిరింపు బల్ల మీద పెట్టాడు. బల్ల మీద లేత నీలం గుడ్డ పరిచి ఉంది, సుద్దగీతలు కూడా పడ్డాయి. "గుడ్డ మీదా?" అనబోయిన కర్టెన్లమ్మ, బుట్టలోంచి గుప్పుమన్న మందుల వాసనకి ఆ మాట అక్కడే మింగేసింది.

వీధిలో అందరూ ఆవిడని కర్టెన్లమ్మ అనే పిలుస్తారు. ఎవరింట్లో కిటికీ చూసినా ఆవిడ పెట్టిన కుచ్చులే కనిపిస్తాయి. మేడ మీద వాటా. ముందుగదిలో మిషను, బల్ల, గుడ్డల తానులు. వెనక వంటిల్లు. పక్కన కొడుకు గది. ఆ గదిలో నెల్లాళ్ళుగా కొడుకు ఒక్కడే పడుకుంటున్నాడు.

"ఆపరేషన్ చేయించేశాను," అన్నాడు కొడుకు. వాడు కోల్డ్ స్టోరేజీల్లో మిషన్లు బాగుచేసే మెకానిక్కు. చెడిపోయిన కంప్రెసరు తిరుగుతోందని ఏ గొంతుతో చెబుతాడో ఇదీ అదే గొంతుతో చెప్పాడు.

దానికేం జబ్బని ఆవిడ అడిగితే, జబ్బేం లేదు, మగది కదా, ఆ పని చేయిస్తే ఇక కుదురుగా ఉంటుందట అన్నాడు. చెప్పులు తడపదు, కాళ్ళ చుట్టూ గిరగిరా తిరగదు, కరవదు. జేబులోంచి మందుసీసా, సూది లేని సిరంజి తీసి బల్ల మీద పెట్టాడు. పొద్దున ఒకసారి పోస్తే చాలన్నాడు. సంచీ అప్పటికే భుజానికుంది. ఎక్కడో దూరాన మిషన్లు ఆగిపోయాయి, లోపల సరుకంతా పాడయ్యేలా ఉంది, నాలుగైదు రోజులు పట్టొచ్చు. గుమ్మంలో బూట్లేసుకుంటూ వీధి వైపు చూసి, "తనకి చెప్పకు," అన్నాడు.

తనంటే కోడలు. కుందేలు కోడలిది. కొత్త కాపురానికి వస్తూ ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. ముందు కాళ్ళు రెండూ ఛాతీ కింద మడుచుకుని, ఎవరో వచ్చి సేవ చేస్తే తప్ప కదలనన్నట్టు కూర్చుంటుందని దానికి 'దొర' అని పేరు పెట్టిందీ ఆ పిల్లే. ఆ పిల్ల నెల క్రితం ఒక్క చేతిసంచీతో వెళ్ళి, ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళ హాస్టల్లో చేరింది. తరవాత రెండుసార్లు కబురు పంపింది, దొరని ఇచ్చేయమని. వెళ్ళిన మనిషి వెళ్ళింది, ఇంట్లోవి ఇంట్లోనే ఉంటాయన్నాడు కొడుకు.

ఎందుకు వెళ్ళిందో కర్టెన్లమ్మకి ఇప్పటికీ తెలియదు. పక్కగదిలోంచి ఒక్కరోజు కూడా గొంతు పెరిగిన చప్పుడు వినలేదు. కొడుకునడిగితే "దానికి కుదురు లేదమ్మా" అన్నాడు. కోడలు గుమ్మం దాటుతూ "వెళ్ళొస్తానత్తయ్యా" అంది, కూరగాయలకి వెళ్తున్న మనిషిలా. కూరగాయలు తెస్తుందనే చాలాసేపు ఎదురుచూసిందావిడ.

ఆవిడ దొరని రెండు చేతులా ఎత్తి, కిటికీ వెలుతురులో వెనక్కి వాల్చి చూసింది. కుట్టు ఎలా వేశారో చూద్దామని. ఇన్నేళ్ళుగా కుట్టు చూసి కుట్టిన మనిషి తీరు చెప్పగలిగినావిడ. కాని అక్కడ కుట్టే లేదు. బొచ్చు గొరిగిన గులాబీ రంగు చర్మం, దాని మీద సన్నటి ఎర్రగీత, అంతే. దారం పోగు లేదు, ముడి లేదు. కోసి, కుట్టడం మరిచిపోయారనుకుంది.

వెంటనే పశువుల ఆస్పత్రికి ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి నవ్వు ఆపుకుంటూ, లోపల కరిగిపోయే దారంతో కుట్టారని, పైన జిగురుతో అతికించారని చెప్పింది. చెప్పు అతికించినట్టా అనడిగింది కర్టెన్లమ్మ. అలాగే అనుకోమంది ఆ అమ్మాయి. ఆ తరవాత ఆ గొంతులో నవ్వు పోయింది. తింటోందా, పెంటికలు వేసిందా అనడిగింది. కుందేలు కడుపు ఖాళీగా ఉండకూడదు, ఖాళీగా ఉంటే పేగులు ఆగిపోతాయి, ఆగినవాటిని మళ్ళీ కదిలించడం కష్టం. రేపటికీ తినకపోతే తీసుకురండి అంది. గూట్లో రంపపు పొట్టు ఉంటే తీసేసి శుభ్రమైన గుడ్డ వేయమంది.

కర్టెన్లమ్మ పొట్టంతా ఊడ్చి, కర్టెన్లకి లోపల వేసే తెల్ల గుడ్డ రెండు పొరలుగా మడిచి పరిచింది. ఎండుగడ్డి పెట్టింది. క్యారెట్టు పెట్టింది. కొత్తిమీర కట్ట విప్పి ముక్కు దగ్గర ఆడించింది. దొర మొహం తిప్పుకున్నాడు. చెవులు వీపుకి అంటించి, కళ్ళు సగం మూసి, గూటి మూలకి ముడుచుకుని కూర్చున్నాడు. దగ్గరగా చెవి పెడితే పళ్ళు నూరుతున్న చప్పుడు.

ఇది నొప్పా, అలకా, నిద్రా? పిల్లయితే అరుస్తుంది, కుక్కయితే మూలుగుతుంది. దీనికి నోరుండీ తెరవదు. కర్టెన్లమ్మకి పాలుపోలేదు.

మిషను దగ్గర కూర్చుని మీట మీద కాలు పెట్టగానే మోటారు బర్రుమంది. గూట్లో దొర ఒక్క ఉదుటున గోడకి కొట్టుకున్నాడు. ఆ మోటారు మిషను కొడుకు కొన్నది. ఆవిడ చుట్టాలింటికి వెళ్ళి వచ్చేలోపు పాత తొక్కుడు మిషను ఎవరికో ఇచ్చేసి, దాని జాగాలో దీన్ని నిలబెట్టాడు. ఇప్పటికీ కుట్టేటప్పుడు ఆవిడ రెండో పాదం ఊరికే నేల మీద ఊగుతూనే ఉంటుంది. ఆవిడ మోటారు తీగ పీకేసి, నీలం గుడ్డ ఒళ్ళోకి లాక్కుని అంచు చేతికుట్టు వేయడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా కుడుతూ, మధ్యమధ్యలో గూటి వైపు చూస్తూనే ఉంది.

పొద్దున లేచి చూస్తే పరిచిన గుడ్డ పరిచినట్టే ఉంది. ఒక్క పెంటిక లేదు, తడి మరక లేదు. అంత శుభ్రమైన గుడ్డని చూసి కర్టెన్లమ్మ ఎప్పుడూ అంత భయపడలేదు. సిరంజిలోకి మందు తీసి నోట్లో పోయబోతే సగం ఆవిడ చేతుల మీదే కారింది. మిగతా సగం లోపలికెళ్ళిందో గడ్డం కింద బొచ్చులోకి ఇంకిందో తెలియలేదు.

కొడుక్కి ఫోన్ చేసింది. వెనకాల మిషన్ల హోరులో వాడి మాట సగం సగం వినపడింది. ఆకలేస్తే అదే తింటుంది, నువ్వు కంగారుపడి దాన్ని కంగారుపెట్టకు అన్నాడు. డాక్టరు అన్నీ తనకి చెప్పారన్నాడు. వాడెప్పుడూ అంతే. ఏదీ ఇంకొకరి నెత్తిన పెట్టడు, అన్నీ తనే చూసుకుంటాడు. అలాంటి కొడుకు దొరకాలంటే పెట్టి పుట్టాలని వీధంతా అంటుంది. ఆవిడా అంటుంది. అయినా ఫోను పెట్టేశాక ఆవిడకి ధైర్యం రాలేదు. గూటి దగ్గరికీ గుమ్మం దగ్గరికీ కాలు కాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి దొరని బుట్టలో పెట్టి, పైన గుడ్డ కప్పి బస్సెక్కింది. చెప్పొద్దని కొడుకన్న మాట దారంతా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

కోడలు కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. అత్తగారు వెళ్ళేసరికి ఒక కంటికి భూతద్దం తగిలించుకుని, ఎవరి కళ్ళజోడుకో ఆవగింజంత మరమేకు బిగిస్తోంది. తలెత్తి అత్తగారిని చూసింది, బుట్టని చూసింది. కాని మర పూర్తిగా బిగిసేదాకా లేవలేదు. కళ్ళజోడు కాళ్ళు రెండూ తెరిచి మూసి చూసి, పెట్టెలో పెట్టి, అప్పుడు లేచింది. ఆ పిల్ల తీరే అంత.

బుట్ట మీది గుడ్డ తీసి, దొర కడుపు కింద చెయ్యి పెట్టింది. గొరిగిన చోటు వేళ్ళకి తగిలింది.

"ఏమైందత్తయ్యా?"

"ఆపరేషన్ చేయించాడమ్మా. నిన్న. అప్పట్నుంచీ ఏమీ తినలేదు."

కోడలు లోపలికెళ్ళి షాపాయనతో ఏదో చెప్పి, సంచీ తీసుకుని వచ్చేసింది. బస్సులో బుట్ట ఆ పిల్ల ఒళ్ళోనే ఉంది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని కర్టెన్లమ్మ ఓరగా చూస్తూనే ఉంది. ఆ పిల్ల బుట్టలో చెయ్యి పెట్టి, దొర నుదుటి మీద ఒక్క వేలితో రాస్తూ కూర్చుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కడుపు నొక్కి చూసి, గొట్టం పెట్టి చాలాసేపు వింది. పేగుల చప్పుడు బాగా తక్కువగా ఉందంది. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చింది. గడ్డిపొడి నీళ్ళలో జావలా కలిపి, సిరంజితో నోటి పక్కనుంచి కొంచెం కొంచెంగా, రోజంతా పెడుతూ ఉండమంది. కడుపు మెల్లగా రుద్దమంది. నిన్ననే మళ్ళీ ఫోన్ చెయ్యాల్సిందని మందలించింది కూడా. ఆ మందలింపు కర్టెన్లమ్మకి గుచ్చుకుంది. ఎవరి మీదైనా ఒక తప్పు మోపితే మనసు తేలికపడేలా ఉంది.

"అసలీ ఆపరేషను అవసరమా డాక్టరుగారూ? నోరులేని జీవాన్ని పట్టుకుని?"

అవసరమే, మంచిదే అంది డాక్టరమ్మ. చేయిస్తే ఆరోగ్యంగా ఉంటాయి, తగువులాడవు. ఈ తినకపోవడం ఒక్కటే కనిపెట్టుకుని ఉండాలి.

కోడలు కాదంటుందని అటు తిరిగింది కర్టెన్లమ్మ. కోడలు తలూపింది. "అవునత్తయ్యా. నేనే చేయిద్దామన్నాను. ఏడాది నుంచీ అంటూనే ఉన్నాను."

"మరి?"

"అవసరం లేదన్నారు."

బయటికొచ్చాక కర్టెన్లమ్మ బుర్ర గిర్రున తిరిగింది. ఈ పిల్ల చేయిద్దామంది, వాడు వద్దన్నాడు. ఈ పిల్ల వెళ్ళిపోయింది, వాడు చేయించాడు. చేయించింది మంచిదేనట. మరి తప్పెక్కడుంది? అసలు తప్పంటూ ఉందా? చిక్కుపడ్డ దారపుండలో ఏ కొస లాగినా ఇంకో ముడి బిగుసుకుంటున్నట్టుంది.

కోడలు ఇంటికొచ్చింది. పరాయి ఇంటికి వచ్చినట్టు చెప్పులు గుమ్మం బయటే, ఒక పక్కగా విడిచింది. కోడలు నేల మీద చతికిలబడి, దొరని తువ్వాలులో మొహం ఒక్కటే కనపడేలా చుట్టింది. పెదవి పక్కన, ముందు పళ్ళకీ వెనక పళ్ళకీ మధ్య ఖాళీ చోట సిరంజి మూతి పెట్టి, ఒక్క చుక్క తోసి ఆగింది. దొర దవడ కదిలింది. మళ్ళీ ఒక్క చుక్క తోసింది. ఆవిడ పక్కనే కూర్చుని జావ కలుపుతూ, మర్యాదకని ఇన్నాళ్ళూ అడగని మాట అడిగేసింది.

"మావాడు నిన్నేం చేశాడమ్మా?"

కోడలు సిరంజి పక్కన పెట్టి, దొర గడ్డం తుడిచింది. "మా షాపాయనకి ఫోన్ చేసి, నేను పని మానేస్తున్నానని చెప్పారత్తయ్యా. నాకు తెలీదు. పొద్దున్నే వెళ్తే నా స్టూలు మీద ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది."

"ఎందుకలా చెప్పాడు?"

"అంతకుముందు ఒకరోజు కళ్ళు మండుతున్నాయన్నాను. అందుకట."

"మరి నీ మంచికేగా?" అనేసింది కర్టెన్లమ్మ.

"మంచికే. తిట్టలేదు, కొట్టలేదు. అందుకే ఎవరికీ చెప్పలేకపోయాను. చెబితే ఎవరైనా మీరన్న మాటే అంటారు." ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఆ షాపాయన మంచివాడు కాబట్టి మళ్ళీ పనిలో పెట్టుకున్నాడని కూడా చెప్పింది.

కర్టెన్లమ్మ జావ గిన్నెలో చెంచా తిప్పుతూనే ఉంది. కలవాల్సినదానికంటే ఎక్కువే కలిసింది. "వాడంతేనమ్మా, చిన్నప్పట్నుంచీ. వాడు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు," అంది చివరికి.

కోడలు ఒళ్ళోకి చూసుకుంది. తువ్వాలులోంచి దొర వెనక కాలొకటి పొడుచుకొచ్చి గాల్లో ఉంది. ఆ పిల్లకి నవ్వొచ్చింది. నెల తరవాత ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే. "నిజమే, మూడే కనపడుతున్నాయి," అంది. నవ్వాగాక, "మీరెప్పుడైనా నాలుగన్నారా అత్తయ్యా?" అంది.

కర్టెన్లమ్మ మిషను వైపు చూసింది. ఆ రోజు ఊర్నుంచి వచ్చి, కొత్త మిషను చూసి, "బాగుందిరా" అందావిడ. వీధిలో అందర్నీ పిలిచి చూపించింది. అది తనకి బాగుందో లేదో అప్పుడాలోచించలేదు. ఇప్పుడాలోచిస్తే, నిజానికి అదీ తెలియడం లేదు. కాళ్ళనొప్పి తగ్గిన మాట నిజం. పాతదాని చక్రం చప్పుడు కలలో వినపడేదన్న మాటా నిజమే.

ఆ తరవాత కోడలు భోజనం వేళ ఒకసారి, షాపు మూశాక ఒకసారి వచ్చి వెళ్ళింది. మిగతా వేళల్లో కర్టెన్లమ్మే తువ్వాలు చుట్టడం నేర్చుకుంది. మొదట్లో దొర జారిపోయేవాడు. కర్టెను కుచ్చు పట్టుకున్నట్టు వేళ్ళ మధ్య అదిమితే మరీ గింజుకునేవాడు. మర్నాడు మధ్యాహ్నం కోడలు వచ్చి కూర్చున్నదో లేదో, గూట్లో తెల్లగుడ్డ మీద మిరియపు గింజల్లాంటివి నాలుగు కనపడ్డాయి. చిన్నవి, వంకరవి.

"వేశాడు," అంది కోడలు నెమ్మదిగా.

కర్టెన్లమ్మ వంగి చూసింది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసింది. ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురులో కూడా చూసి, అప్పుడు నమ్మింది. ఇద్దరూ ముత్యాలు దొరికినట్టు ఆ గుడ్డ చుట్టూ కూర్చున్నారు. కోడలు కొత్తిమీర కాడ అందిస్తే దొర వాసన చూసి, చూసి, చివర కొరికాడు. కాడ కొంచెం కొంచెంగా నోట్లోకి పోతుంటే ఇద్దరూ కళ్ళప్పగించి చూశారు.

సరిగ్గా అప్పుడు మెట్ల మీద బూట్ల చప్పుడయింది. కొడుకు అనుకున్నదానికంటే ముందే వచ్చాడు. గుమ్మం బయటి చెప్పులు చూసి ఆగి, లోపలికొచ్చాడు. మణికట్టు దాకా నూనె మరకలు. చేతిలో ఒక అట్టపెట్టె.

"నేనే పిలుచుకొచ్చాను," అంది కర్టెన్లమ్మ, వాడు అడక్కముందే. "తిండి మానేశాడు. పోయేవాడే."

కొడుకు దొర వైపు చూశాడు, కోడలి వైపు చూడలేదు. ఇప్పుడు తింటోందిగా, మంచిదే అన్నాడు. తరవాత, కింద వ్యాను ఆగి ఉందన్నాడు. కోల్డ్ స్టోరేజీ ఓనరు పిల్లలు కుందేలు కావాలని గొడవ చేస్తుంటే ఇస్తానని మాటిచ్చాడట. వాళ్ళకి పెద్ద తోట ఉంది, గడ్డికి కరువు లేదు. పిల్లల్ని కరవకూడదనే ఆపరేషన్ కూడా చేయించాడట. హాస్టల్లో ఉంచుకోనివ్వరు, ఇక్కడేమో అమ్మకి చాకిరీ. ఇదయితే అందరికీ మంచిది.

చెబుతూ పెట్టె బల్ల మీద పెట్టాడు. గాలికి పక్కన చిల్లులు చేశాడు. చెవులు గీసుకోకుండా ఒక్కో చిల్లు అంచుకీ మెత్తటి టేపు అంటించాడు. లోపల పాత దుప్పటి ముక్క. ఆ టేపు చూసి కర్టెన్లమ్మకి ఉన్న కాస్త మతీ పోయింది. చెడ్డవాడు చేసే పని కాదది. వాడి మొహంలో దాపరికం కూడా లేదు. వాన రాకముందే బట్టలు తీసిపెట్టిన మనిషి మొహంలా తృప్తిగా ఉంది.

కోడలు లేచింది. తువ్వాలు దులిపి, నాలుగు మడతలు పెట్టి, స్టూలు మీద ఉంచింది. సిరంజి కడిగి బోర్లించింది. సంచీ కోసం చూసుకుంది. మొహంలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని కర్టెన్లమ్మ గుర్తుపట్టింది. కూరగాయలకి వెళ్ళే మొహం.

"ఆగమ్మా," అంది. "నువ్వేమంటావ్? దొర సంగతి."

కోడలు ఆ మాట వేరే భాషలో విన్నట్టు చూసింది. ఇవ్వొద్దంటుందని కర్టెన్లమ్మ ఎదురుచూసింది. ఆ ఒక్క మాటంటే కొడుకుతో పోట్లాడటానికి నడుం బిగించుకుని కూడా ఉంది. కోడలు దొర వైపు చూసింది.

"తెలీదత్తయ్యా," అంది. "తోటంటే వాడికి బాగానే ఉంటుందేమో. నేనా, ఉంచుకోలేను. అలాగని..." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్ని రోజులకి ఇప్పుడు. "నాకు తెలీట్లేదు. కొంచెం ఆలోచించుకోనివ్వండి."

"ఆలోచించడానికేముంది, వ్యాను కింద..." అన్నాడు కొడుకు.

"ఆలోచించుకుంటానందిగా. అప్పటిదాకా ఇక్కడే ఉంటాడు."

"నేను మాటిచ్చానమ్మా."

"నువ్విచ్చింది మాటేగా. కుందేల్ని ఇంకా ఇవ్వలేదు."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆవిడకే అనుమానమొచ్చింది. వాడు ఇంకేదో అనేలోపు చెప్పులేసుకుని తనే మెట్లు దిగింది. వ్యాను డ్రైవరు తలుపుకానుకుని టీ తాగుతున్నాడు. కుందేలు ఇవాళ రావడం లేదని చెప్పింది. మరెప్పుడు రమ్మంటారన్నాడు. తెలీదు బాబూ అంది. అయ్యగారికేం చెప్పమంటారని తల గోక్కున్నాడు.

"అడగాల్సిన మనిషిని ఇప్పుడే అడిగాం, ఇంకా చెప్పలేదని చెప్పు."

అతనికి అర్థం కాలేదు. గ్లాసు టీకొట్టువాడికిచ్చి వెళ్ళిపోయాడు. ఆవిడ మళ్ళీ మెట్లెక్కింది. చేసింది మంచో చెడో, కొడుకు పనికి ఎసరు పెట్టిందో, ఏమీ తోచలేదు. తోట నిజంగానే బాగుంటుందేమో కూడా.

పైన ఇద్దరూ ఎక్కడి వాళ్ళక్కడే ఉన్నారు. కొడుకు ఖాళీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "నేను చేసిందాంట్లో తప్పేంటో ఒక్కరు చెప్పండి," అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే తెలియక.

కోడలు మొదటిసారి అతని వైపు తిరిగింది. "అడిగుంటే సరే అనేదాన్నేమో."

"మరైతే ఇంకేంటి?"

"అడగలేదు," అంది కోడలు.

ఆ తరవాత జావ ఎంత పలచగా కలపాలో, ఎన్నిసార్లు పెట్టాలో అత్తగారికి మరోసారి చెప్పి, దొర తల మీద వేలితో రాసి, సంచీ తీసుకుంది. రేపొస్తావా అని కర్టెన్లమ్మ గుమ్మంలో అడిగింది. చూస్తానత్తయ్యా అంది. అది అవునో కాదో మొహం చూసినా తెలియలేదు. మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి చూసి లోపలికొచ్చింది.

దీపాలు పెట్టే వేళకి దొరకి మళ్ళీ జావ పెట్టాలి. కర్టెన్లమ్మ కలుపుతుంటే కొడుకు వచ్చి పక్కన నిలబడ్డాడు. మణికట్ల మీద నూనె మరకలు లేవు, సబ్బు వాసనొస్తోంది. నేను పట్టుకోనా అన్నాడు. ఆవిడ తలెత్తి చూసింది. ఈ ఇంట్లో వాడు ఏ పనైనా చేసేస్తాడు, చేయనా అని అడగడు. సరే కూర్చోమంది.

తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టాక, చేతులెక్కడ వేయాలో వాడికి తెలియలేదు. "గట్టిగా పట్టుకుంటే నొప్పెడుతుందా? వదిలితే దూకుతుందేమో?"

"నన్నడిగితే ఏం లాభంరా? వాణ్ణి చూడు."

కొడుకు వంగి చూశాడు. దొర ముక్కు గబగబా కదులుతోంది. పక్కన ఉన్న కన్ను నల్లగా, గుండ్రంగా వాడి వైపే ఉంది. అందులో ఏముందో కనిపెట్టాలని వాడు చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. తరవాత చేతులు కొంచెం వదులు చేశాడు. దొర దూకలేదు. ఉండాలనిపించి ఉన్నాడో, దూకే ఓపిక లేక ఉన్నాడో, తల్లీకొడుకులిద్దరికీ తెలియలేదు.